ఎండకు కొదవలేని బెంగళూరులో డి విటమిన్ లోటు ఎందుకు? మందు ఎలా వాడాలి, ఎక్కడ తప్పుతోంది?

కంపెనీ హెల్త్ చెకప్ రిపోర్టు రాగానే ఒకప్పుడు అందరి కళ్లూ కొలెస్టరాల్ మీదికి, షుగర్ మీదికి వెళ్లేవి. ఈమధ్య వాటికన్నా ముందు ఎర్ర అక్షరాల్లో కనబడుతున్నది విటమిన్ డి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటున్న పాతికేళ్ల ఉద్యోగులకైనా, మనవలను చూసుకోవడానికి అనంతపురం, చిత్తూరు పల్లెల నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న పెద్దలకైనా అదే వరస: మిల్లీలీటరుకు 9, 12, 16 నానోగ్రాములు. దాంతోపాటు రెండు మాటలు వినబడతాయి. "ఇంత ఎండ కాసేచోట డి లోటేమిటి, అంతా ల్యాబుల వ్యాపారం" అనేది ఒకటి. "ఒళ్లు నొప్పులు, నీరసం, జుట్టు ఊడటం అన్నిటికీ ఇదే కారణం, పొడి ప్యాకెట్లు వేసుకుంటే సరిపోతుంది" అనేది రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. మిగతాది సరిచూసుకోవలసినదే.

క్లుప్తంగా: బెంగళూరులో డి విటమిన్‌కు పనికొచ్చే ఎండ ఏడాది పొడవునా ఉంటుంది. అయితే అది ఆఫీసు వేళల్లో ఉంటుంది, అద్దంలోంచి రాదు. లోటు తేలితే సాధారణంగా 60,000 యూనిట్ల మందు వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు ఇస్తారు. ఆ తర్వాత తక్కువ మోతాదులో కొనసాగించకపోతే అంకె మళ్లీ పడిపోతుంది. వారానికి వేసుకోవలసినదాన్ని రోజూ వేసుకుంటే మూత్రపిండాలకే ప్రమాదం.

చర్మం నుంచి ఎముక దాకా

చర్మంలో కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన ఒక పదార్థం ఎప్పుడూ ఉంటుంది. దానిమీద అతినీలలోహిత కిరణాల్లోని బి రకం, అంటే దాదాపు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగాలు పడితే అది డి3 అవుతుంది. అక్కడితో పని పూర్తి కాదు. కాలేయం దాన్ని 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుస్తుంది. ల్యాబు కొలిచేది దీన్నే. తర్వాత మూత్రపిండం దాన్ని క్యాల్సిట్రయాల్ అనే చురుకైన రూపానికి తెస్తుంది. పేగుల్లోంచి క్యాల్షియాన్ని రక్తంలోకి లాగే పని ఈ చివరి రూపానిది.

డి తగినంత ఉన్నప్పుడు తిండిలోని క్యాల్షియంలో 30 నుంచి 40 శాతం ఒంటికి పడుతుంది. డి బాగా తగ్గితే అది 10, 15 శాతానికి పడిపోతుంది. అప్పుడు గొంతు దగ్గర ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు మేల్కొని ఎముకల్లోంచి క్యాల్షియం తోడి రక్తంలో లెక్క సరిచేస్తాయి. అందుకే డి 8 ఉన్నవారికి కూడా రక్తంలో క్యాల్షియం చాలాసార్లు మామూలుగానే కనబడుతుంది. "క్యాల్షియం బాగానే ఉందిగా" అని ధీమా పడటానికి లేదు. ఆ క్యాల్షియం ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు సంగతి.

ఇది ఏళ్ల తరబడి సాగితే పెద్దల్లో ఎముక మెత్తబడుతుంది. వైద్యులు దీన్ని ఆస్టియోమలేసియా అంటారు. దీని గుర్తులు ఒట్టి నీరసం కన్నా తేటగానే ఉంటాయి: తొడల్లో, తుంటి దగ్గర, పక్కటెముకల్లో నొక్కితే నొప్పి, నేలమీద కూర్చుని లేవడానికి చేతులు ఊతం పెట్టాల్సి రావడం, మెట్లు ఎక్కేటప్పుడు తొడలు సహకరించకపోవడం, బాతులా ఊగుతూ నడవడం. పిల్లల్లో అయితే రికెట్స్ వస్తుంది. కాళ్లు దొడ్డికాళ్లవుతాయి, మణికట్టు దగ్గర ఎముక వెడల్పవుతుంది. అంకె 16 ఉన్న చాలామందికి ఈ గుర్తులేవీ ఉండవు.

లేత ఎండలో పెద్దగా ఏమీ లేదు

ఇంట్లో పెద్దలు చెప్పేది లేత ఎండలో నిలబడమని. పసిబిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోశాక పడనిచ్చేదీ ఆ ఎండే. ఒంటికి హాయిగా ఉండే మాట నిజం. డి విటమిన్ విషయంలో మాత్రం దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. సూర్యుడు కింద ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం రావాలి. బి రకం కిరణాలను దారిలోనే ఓజోన్ పీల్చేస్తుంది. వెలుతురూ వెచ్చదనమూ వస్తాయి, డి తయారుచేసే కిరణాలు రావు.

పనికొచ్చే ఎండను గుర్తుపట్టడానికి నీడ చాలు. మనిషి నీడ మనిషికన్నా పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల పైన ఉన్నట్టు. అప్పటినుంచి డి చురుగ్గా తయారవుతుంది. బెంగళూరు, చెన్నై రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఆ లెక్కన బెంగళూరులో మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇంచుమించు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా, డిసెంబరులో పదిన్నర నుంచి రెండు దాకా అలాంటి ఎండ ఉంటుంది. లండన్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 17 డిగ్రీలు దాటడు. అందుకే బ్రిటన్ ప్రభుత్వం శరత్కాలం, చలికాలం పొడవునా అందరినీ రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు వేసుకోమని చెబుతుంది. మనకు డి అసలే తయారుకాని రుతువంటూ లేదు. జూన్ నుంచి బెంగళూరు మీద కమ్ముకునే మబ్బు కొంత కోత పెడుతుంది, అంతే.

మన ప్రాంతపు కొలతలు చూడాలంటే తిరుపతికి వెళ్లాలి. అదీ ఇదే అక్షాంశం. అక్కడి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు చర్మంలోని ముడిపదార్థం ఏ వేళలో ఎంత మారుతుందో చూస్తే, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య బాగా మారుతోందని తేలింది. అదే బృందం తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవారి రక్తం పరీక్షిస్తే, ఎండకు కొదవలేని ఆ నేలమీదే చాలామందిలో డి తక్కువగా ఉంది. తిండిలో క్యాల్షియం తక్కువ, దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువ అని కూడా బయటపడింది.

ఇక 11 నుంచి 2 మధ్య బెంగళూరు ఉద్యోగి ఎక్కడుంటాడు? అవుటర్ రింగ్ రోడ్డు పక్కన అద్దాల భవనంలో ఉంటాడు. కిటికీ పక్క సీటు, టేబుల్ మీద ఎండ, ముంజేతికి వేడి కూడా తగులుతుంది. అయినా డి తయారు కాదు, ఎందుకంటే మామూలు కిటికీ అద్దం బి రకం కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఎ రకం మాత్రం లోపలికి వస్తుంది. చర్మం నల్లబడుతుంది, ముడతలు పడతాయి, ఎముకకు దక్కేదేమీ ఉండదు. బేస్‌మెంట్ పార్కింగ్ నుంచి బేస్‌మెంట్ పార్కింగ్‌కు కారు, మధ్యలో ఏసీ, సాయంత్రం ఆరున్నరకు క్యాబు. ఇక ఎదుటి టవర్ నీడలో ఉన్న బాల్కనీకి నేరుగా ఎండ తగిలే గంటలెన్నో ఆ ఇంటివాళ్లే చూసుకోవాలి. పల్లెలో పొలం గట్ల మీద తిరిగిన పెద్దమనిషి ఎనిమిదో అంతస్తుకు మారాక ఆయన అంకె పడిపోవడంలో వింతేమీ లేదు.

చర్మం రంగు కూడా లెక్కలోకి వస్తుంది. మెలనిన్ ఎక్కువున్న చర్మానికి తెల్లవారి చర్మం కన్నా చాలా రెట్లు ఎక్కువ సేపు ఎండ కావాలి. పాశ్చాత్య పుస్తకాల్లోని "పది నిమిషాలు" మనకు చాలదు. మోచేతుల పై దాకా, మోకాళ్ల కింద దాకా ఎండ తగిలేలా వారంలో నాలుగైదు రోజులు, దాదాపు అరగంట అనుకుంటే దగ్గరగా ఉంటుంది. మంగు మచ్చల భయం ఉన్నవారు ముఖం దాచుకోవచ్చు. ముఖం ఒంటి చర్మంలో 4, 5 శాతమే. రెండు చేతులూ కలిస్తే 18 శాతం. ముఖానికి సన్‌స్క్రీన్, చేతులకు ఎండ అన్న పద్ధతి ఇద్దరికీ, అంటే చర్మ వైద్యుడికీ ఎముకల వైద్యుడికీ నచ్చుతుంది. చర్మం ఎర్రబడేదాకా నిలబడటం వల్ల లాభం లేదు. ఒక హద్దు దాటాక చర్మంలో తయారైన తొలి రూపం పనికిరాని పదార్థాలుగా మారిపోతూ ఉంటుంది. ఎండవల్ల డి ఎక్కువై విషం కాకపోవడానికి కారణమూ అదే. సీసాలోని మందుకు అలాంటి అడ్డుకట్ట లేదు.

రిపోర్టులో అంకె ఏం చెబుతుంది?

మిల్లీలీటరుకు 24 నానోగ్రాములు వచ్చిందనుకుందాం. ఒక లెక్క ప్రకారం అది లోటు, మరో లెక్క ప్రకారం బాగున్నట్టే. 2011లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఎముక ఆరోగ్యానికి దాదాపు అందరికీ 20 చాలునంది. 12 కన్నా తగ్గితే లోటు ముప్పు ఉన్నట్టని చెప్పింది. అదే ఏడాది అక్కడి హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలంది. ల్యాబులు ఈ రెండో అంకెను పట్టుకున్నాయి. 30కి తక్కువైన ప్రతిదీ ఎర్ర అక్షరాల్లో రావడానికి సగం కారణం అదే. ఆ ఎండోక్రైన్ సొసైటీయే 2024లో తన 30 హద్దును వెనక్కి తీసుకుంది. ఏ ఇబ్బందీ లేని పెద్దలకు ఊరికే ఈ పరీక్ష చేయించవద్దని కూడా సూచించింది. హెల్త్ చెకప్ ప్యాకేజీలకు ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

అందుకని ఆచరణలో ఇలా చూడటం మేలు. 12 లోపు ఉంటే నిస్సందేహంగా మందు కావాలి. 12 నుంచి 20 మధ్య ఉన్నా మందు వాడటమే మంచిది. 20 నుంచి 30 మధ్య ఉండి ఎముకల జబ్బేమీ లేకపోతే ఎండ, తిండి, చిన్న మోతాదు చాలు.

లండన్‌లోనో సిడ్నీలోనో ఉన్న బంధువు రిపోర్టుతో పోల్చుకునేటప్పుడు కొలమానం చూడాలి. అక్కడ నానోమోల్స్‌లో రాస్తారు. అక్కడి 50 ఇక్కడి 20తో సమానం, 2.5తో భాగిస్తే సరిపోతుంది. ఒకే రక్తాన్ని రెండు ల్యాబులకిస్తే, యంత్రాలు వేరు కాబట్టి 18 ఒకచోట, 23 మరోచోట వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మందు పనిచేసిందో లేదో చూడాలంటే ముందు చేయించిన ల్యాబులోనే మళ్లీ చేయించాలి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వేసుకునేవారు పరీక్షకు రెండు రోజుల ముందు మానాలి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల డి ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.

అంకె బాగా తక్కువగా ఉండి ఎముకల నొప్పులు కూడా ఉంటే డి ఒక్కటే చూస్తే చాలదు. క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు జతచేస్తారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఫాస్ఫరస్ తగ్గి ఉంటే ఎముక నిజంగానే దెబ్బతింటోందని అర్థం.

60,000 యూనిట్లు: వారానికి ఒకటి

మన దగ్గర ఎక్కువగా రాసేది కోలెక్యాల్సిఫెరాల్, అంటే డి3, 60,000 యూనిట్లు. ఒక గ్రాము పొడి ప్యాకెట్, మెత్తటి క్యాప్సూల్, 5 మిల్లీలీటర్ల చిన్న సీసా, ఏ రూపంలో వచ్చినా లోపలి మందు ఒకటే. పరిమాణంలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు. మామూలు పద్ధతి వారానికి ఒకటి చొప్పున 8 వారాలు. లోటు తీవ్రంగా ఉంటే 12 వారాల దాకా. వారానికి 60,000 అంటే రోజుకు 8,500 పైచిలుకు పడుతుంది.

ఇది కొవ్వులో కరిగే విటమిన్. పొద్దున్నే ఖాళీ కడుపున నీళ్లలో కలుపుకుని తాగితే సరిగ్గా ఒంటబట్టదు. రోజులో బరువైన భోజనం ఏదో దాని తర్వాత వేసుకోవాలి. పొడి అయితే గోరువెచ్చని పాలలో కలిపి తాగవచ్చు. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత అని ఒక రోజు పెట్టుకుంటే మరిచిపోరు. మరిచిపోతే గుర్తొచ్చిన రోజున ఒకటి వేసుకోవాలి, రెండు కలిపి కాదు. శాకాహారులు అడగవలసిన విషయం ఒకటుంది: మెత్తటి క్యాప్సూల్ పైపొర చాలావరకు జెలటిన్, అంటే జంతువుల నుంచి తీసినది. పొడి తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. లోపలి డి3 మాత్రం సాధారణంగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి చేస్తారు. అదీ వద్దనుకునేవారికి రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ల నుంచి తీసిన డి3, లేదా జంతువులతో పని లేకుండా చేసే మరో రకమైన డి2 దొరుకుతాయి. డి2 అంత నిలకడగా అంకెను పెంచదు.

ఊబకాయం ఉన్నవారికి ఇదే మోతాదు చాలకపోవచ్చు. మందు కొవ్వులో చేరి రక్తంలోకి తక్కువగా వస్తుంది. వారికి రెండు మూడు రెట్లు అవసరమవుతుందని వైద్యులు లెక్కవేస్తారు.

కండరాల బలహీనత తగ్గడానికి కొన్ని వారాలు, ఎముక నొప్పి తగ్గడానికి నెలలు పడుతుంది. రెండు ప్యాకెట్లకే తేడా తెలియలేదని మానేయడం ఎంత తప్పో, రెండు ప్యాకెట్లకే మోకాళ్ల నొప్పి పోయిందనుకోవడమూ అంతే. అది వేరే కారణంతో తగ్గి ఉంటుంది.

ఇంజెక్షన్ సంగతి వేరు. 6,00,000 యూనిట్ల సూది ఒక్కసారి వేయించుకుంటే పని అయిపోతుందని అడిగేవారు ఉన్నారు. నూనెలో ఉండే ఆ మందు కండరంలోంచి నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. పేగులు మందును పీల్చుకోలేని జబ్బులున్నవారికి దాన్ని అట్టిపెట్టడం మంచిది. ఒక్కసారిగా భారీ మోతాదు ఇవ్వడంలో మరో చిక్కు 2010లో ఆస్ట్రేలియాలో బయటపడింది. 70 దాటిన మహిళలకు ఏడాదికొకసారి 5,00,000 యూనిట్లు నోటి ద్వారా ఇస్తే, వారు పడిపోవడమూ ఎముకలు విరగడమూ తగ్గకపోగా పెరిగాయి.

అంకె మళ్లీ ఎందుకు పడిపోతుంది?

"పోయినేడు కోర్సు వాడాను, 45 వచ్చింది, ఈ ఏడు మళ్లీ 14" అన్న ఫిర్యాదు బెంగళూరు క్లినిక్కుల్లో చాలా మామూలు. మందు నకిలీదేమోనన్న అనుమానం కూడా వస్తుంది. లెక్క చూస్తే అనుమానం అక్కర్లేదు. రక్తంలోని 25-హైడ్రాక్సీ డి సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొవ్వులో దాగినది కొంత కాలం ఆదుకుంటుంది. రోజూ కొత్తగా చేరేది లేకపోతే కొన్ని నెలల్లో పాత చోటికి రాక తప్పదు. 8 ప్యాకెట్లు అంకెను పెంచాయి. ఆఫీసు అద్దాలూ, బేస్‌మెంటూ, సాయంత్రం ఆరున్నర క్యాబూ మాత్రం అలాగే ఉన్నాయి.

కాబట్టి కోర్సు తర్వాతి మోతాదే అసలు చికిత్స అనుకోవచ్చు. రెండు దార్లున్నాయి: నెలకు ఒక 60,000, లేదా రోజూ 1,000 నుంచి 2,000. నెలకు ఒకటంటే సగటున రోజుకు 2,000 అవుతుంది, రెండూ ఒకటే. రోజూ 100 యూనిట్లు చేరితే అంకె దాదాపు 1 పెరుగుతుందన్నది ఉజ్జాయింపు లెక్క. 14 నుంచి 30 దగ్గరికి రావాలంటే ఎంత కావాలో దీన్నిబట్టి ఊహించవచ్చు. మళ్లీ పరీక్ష కోర్సు మొదలైన మూడు నెలల తర్వాతే. అంతకు ముందు చేయిస్తే అంకె ఇంకా పెరుగుతూనే ఉంటుంది, డబ్బు వృథా.

తిండితో ఈ ఖాళీ నింపగలమా? జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 600 యూనిట్లు అవసరమంటోంది. ఒక గుడ్డు సొనలో దాదాపు 40. విటమిన్లు చేర్చినట్టు చెప్పే ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలలో లీటరుకు 200 నుంచి 300, అంటే ఒక గ్లాసుకు 50 నుంచి 75. కొవ్వు ఎక్కువున్న చేపలు నయం, కానీ అవి రోజూ ఎవరింట్లో వండుతారు? పుట్టగొడుగులను తరిగి మధ్యాహ్నపు ఎండలో అరగంట పెడితే వాటిలో డి2 తయారవుతుంది. ఇది ఖర్చులేని చిట్కా. మొత్తంగా శాకాహార భోజనంతో 600 చేరడం కష్టం.

క్యాల్షియం తోడు లేకపోతే

డి పేగుల తలుపు తీస్తుంది. లోపలికి రావలసిన క్యాల్షియం తిండిలో లేకపోతే ఫలితం అంతంతమాత్రమే. తీవ్రమైన లోటున్నవారికి డి ఒక్కటే పెద్ద మోతాదులో ఇస్తే, ఆకలిగా ఉన్న ఎముకలు రక్తంలోని క్యాల్షియాన్ని లాగేసుకుని వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. మందు పడలేదని ఆపేస్తారు. ఆపాల్సింది మందును కాదు, చేర్చాల్సింది క్యాల్షియాన్ని.

పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. అర లీటరు పాలూ పెరుగూ కలిపి 600 దాకా వస్తుంది. బెంగళూరులో ఉన్నవారికి రాగి ఒక వరం. వంద గ్రాముల రాగి పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఆ క్యాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు కూడా రాగిలో ఉన్నాయి. మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టిస్తే, లేదా పిండిని రాత్రి పులియబెట్టి అంబలి కాస్తే అవి తగ్గుతాయి. రాయలసీమ ఇళ్లలో ఈ రెండు పద్ధతులూ ఎప్పటినుంచో ఉన్నవే.

బిళ్ల అవసరమైతే, 1,250 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేట్‌లో అసలు క్యాల్షియం 500 మాత్రమే. దాన్ని భోజనంతో వేసుకోవాలి, ఒక్కసారికి 500 మించి వేసుకుంటే ఒంటబట్టేది తగ్గుతుంది. థైరాయిడ్ బిళ్లకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ బిళ్లతో కలిపి వేసుకోకూడదు. ఈ క్యాల్షియం బిళ్లల్లో కలిసి ఉండే డి3 చాలావాటిలో 250 నుంచి 500 యూనిట్లే. లోటు తీర్చడానికి అది చాలదు.

డి అన్నిటికీ మందు అవుతుందా?

పదేళ్ల క్రితం వరకు గుండెజబ్బు, క్యాన్సర్, మధుమేహం, కుంగుబాటు అన్నిటికీ డి లోటుతో ముడిపెట్టేవారు. జబ్బుపడిన మనిషి బయటికి రాడు, ఎండ తగలదు, డి తగ్గుతుంది. ఏది కారణమో, ఏది ఫలితమో పరిశీలనల్లో తేలదు. అందుకే పెద్ద పరీక్షలు చేశారు. అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ పరీక్షలో రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చినా క్యాన్సర్లు, గుండెపోట్లు తగ్గలేదు. ఎముకలు విరగడమూ తగ్గలేదని 2022లో తేలింది. ఆస్ట్రేలియాలో 60 దాటినవారికి నెలకు 60,000 ఇచ్చి చూస్తే మరణాల్లో తేడా కనబడలేదు. ఈ పరీక్షల్లో పాల్గొన్నవారిలో చాలామందికి మొదట్లోనే డి సరిపడా ఉందన్నది మరవకూడదు. 9 ఉన్న మనిషికి ఇవి వర్తించవు. 28 ఉన్న మనిషి 60కి ఎగబాకాలని ఆరాటపడటం అనవసరమని చెప్పడానికి మాత్రం ఇవి చాలు.

నీరసంగా ఉన్నవారిలో డి తక్కువ కనబడగానే వెతుకులాట ఆపేయడం మరో పొరపాటు. హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్, షుగర్ చూడాలి. శాకాహారుల్లో బి12 లోటు చాలా ఎక్కువ. నరాలకు చేటు చేసేది అదే. రోజుకు పది గంటలు కుర్చీలో వంగి కూర్చునే నడుముకు పొడి ప్యాకెట్ మందు కాదు.

వారానిది రోజూ వేసుకుంటే

ప్రమాదం ఎక్కువగా మొదలయ్యేది మెడికల్ షాపు కౌంటర్ దగ్గర. మిగతా బిళ్లల కవర్ల మీద రాసినట్టే దీనిమీద కూడా 1-0-0, అంటే పొద్దున ఒకటి అని రాసేస్తారు. ఇంటికి వచ్చాక పెద్దవాళ్లు రోజుకొకటి వేసుకుంటారు. నెల తిరిగేసరికి లోపలికి వెళ్లింది 18 లక్షల యూనిట్లు, అంటే ముప్ఫై వారాల మందు. రెండో రకం తప్పు: ఎముకల డాక్టరు ఒక పేరుతో, స్త్రీల డాక్టరు మరో పేరుతో అదే మందు రాయడం, రెండూ వాడటం. పేర్లు వేరైనా కింద చిన్న అక్షరాల్లో కోలెక్యాల్సిఫెరాల్ అనే ఉంటుంది. కవరు మీద "ఆదివారం మాత్రమే" అని ఇంట్లోవాళ్లే తెలుగులో రాసిపెడితే ఈ తప్పుల్లో సగం జరగవు.

డి అతిగా పెరిగితే, సాధారణంగా 150 నానోగ్రాములు దాటితే, రక్తంలో క్యాల్షియం పెరుగుతుంది. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తర్వాత మగత, తికమక. వృద్ధుల్లో ఇవన్నీ వయసు మీద పడటంగా లేదా షుగర్‌గా కనబడతాయి. క్రియాటినిన్ పెరిగాక గానీ అసలు సంగతి తెలియదు. మందు ఆపినా కొవ్వులో నిల్వ ఉన్నది నెలల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది, కొందరికి స్టెరాయిడ్లు కూడా. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 యూనిట్లు మించకూడదన్న హద్దు ఇందుకే.

ముందు డాక్టరును అడగవలసినవారు

మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు, రక్తంలో క్యాల్షియం ఇప్పటికే ఎక్కువున్నవారు, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తులు వంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే జబ్బు) లేదా క్షయ ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆ రెండు జబ్బుల్లో మూత్రపిండంతో పని లేకుండానే డి చురుకైన రూపంలోకి మారి క్యాల్షియం పెరగవచ్చు. బీపీకి థయజైడ్ రకం మూత్రం బిళ్లలు వాడేవారిలో కూడా క్యాల్షియం పెరిగే వీలుంది. కిడ్నీ జబ్బు ముదిరినవారికి మామూలు డి3 చాలదు, క్యాల్సిట్రయాల్ లాంటి తయారైన రూపం కావాలి. మూర్ఛకు ఫెనిటోయిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడేవారిలో కాలేయం డిని త్వరగా కరగదీస్తుంది కాబట్టి మోతాదు పెంచాల్సి వస్తుంది.

పసిబిడ్డల విషయంలో మోతాదు కన్నా చుక్కల సీసా చూసుకోవాలి. తల్లిపాలలో డి చాలా తక్కువ. అందుకే తొలి ఏడాది రోజుకు 400 యూనిట్లు ఇమ్మంటారు. మార్కెట్లో మిల్లీలీటరుకు 400 యూనిట్లున్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. మొదటి సీసా అయిపోయి షాపువాడు రెండో రకం ఇస్తే, అలవాటు ప్రకారం ఒక మిల్లీలీటరు పోస్తే బిడ్డకు రెట్టింపు పడుతుంది. 800 సీసా అయితే అర మిల్లీలీటరే. సీసా మారిన ప్రతిసారీ లేబుల్ చదివి, ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవాలి.